ఎర్రసిరా వదిలేసి

పరాంకుశానికి ఇంగ్లీషు బాగా వచ్చు. కొండమీద చిక్కంతా అక్కడే మొదలైంది.

నారప్పస్వామి ఆశ్రమం పెద్దదేమీ కాదు. ఒక మందిరం, ఒక వంటశాల, వచ్చినవాళ్ళు ఉండడానికి ఎనిమిది గదులు, ఘాట్ రోడ్డు దిగి సరుకులు తేవడానికి ఒక పాత జీపు. కార్తీకం మొదలు శివరాత్రి దాకా ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వచ్చి, స్వామి దగ్గర కొన్నాళ్ళు కూర్చుని పోతుంటారు. స్వామికి వచ్చిన ఇంగ్లీషు మాత్రం రెండే మాటలు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళనూ "ఈటింగ్ ఫినిష్?" అని అడుగుతారు. అవునంటే సంతోషం. కాదంటే చెయ్యి పట్టుకుని వంటశాలకు తీసుకుపోతారు. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు మాటలతోనే నెట్టుకొచ్చారు.

పరాంకుశం చేరిన కొత్తలో ఒకసారి, "స్వామీ, అలా అనకూడదు. హావ్ యూ ఈటెన్ అనాలి," అని వినయంగానే చెప్పాడు. స్వామి శ్రద్ధగా విన్నారు. నాలుగుసార్లు అని చూసుకున్నారు. ఆ సాయంత్రమే మెట్ల దగ్గర ఒక ముసలి దొరసాని కనబడితే, "ఈటింగ్ ఫినిష్?" అన్నారు. ఆమె నవ్వి, పొట్ట నిమిరి చూపించింది.

పోయిన వేసవిలో స్వామే శిష్యులను పిలిచి అన్నారు. "దూరాభారం పడి వస్తారు పాపం. నేనొక్కణ్ణే ఎంతమందిని పలకరిస్తా? మీరూ నేర్చుకోండి. స్నేహితుల మాదిరి మీలో మీరు మాట్లాడుకుంటా ఉంటే అదే వస్తాది." నేర్పే పని పరాంకుశానికి అప్పజెప్పారు. స్వామి దగ్గరికి రాకముందు అతను ఊళ్ళో ట్యూషన్లు చెప్పినవాడు.

రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా వంటశాల వెనక అరుగుమీద నలుగురు కూర్చునేవారు. వంట చేసే ఓబులేసు, జీపు తోలే దస్తగిరి, తోట చూసుకునే మునెమ్మ, పరాంకుశం. దానికి ఇంగ్లీషు గంట అని పేరు పెట్టుకున్నారు. నియమం ఒకటే. ఆ గంటలో ఎవరి నోట తెలుగు ముక్క వచ్చినా, ఆ పూట అన్నం గుండిగ వాళ్ళే తోమాలి. డెబ్బై మందికి వండే గుండిగ అది. మనిషి లోపలికి సగం దూరితేగాని అడుగు అందదు. మొదటి నెలలో మునెమ్మ తొమ్మిదిసార్లు తోమింది. పరాంకుశం ఒక్కసారి కూడా తోమలేదు.

దానితో ఊరుకున్నా బాగుండేది. అతను ఒక పొడుగాటి పుస్తకం కూడా పెట్టాడు. ఎవరు ఏం మాట్లాడినా నల్లసిరాతో ఉన్నదున్నట్టు రాయడం, దాని కింద ఎర్రసిరాతో దిద్దడం, గంట చివర ఆ తప్పులన్నీ పైకి చదివి వినిపించడం. మంచి ఉద్దేశంతోనే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మంచి ఉద్దేశంతో చేసేవాళ్ళను ఆపడం మహా కష్టం.

రెండు నెలలు గడిచేసరికి మునెమ్మకు సరిగ్గా నాలుగింటికే తోటకు నీళ్ళు పెట్టాల్సి వచ్చేది. దస్తగిరికి సరిగ్గా నాలుగింటికే జీపు కడగాలనిపించేది. ఓబులేసు వచ్చేవాడు గానీ మొన్న గురువారం తర్వాత అతనూ మానేశాడు. మంగళవారం నాడు పరాంకుశం ఒక్కడే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చున్నాడు. ఎదురుగా ఒక కుక్క పడుకుని ఉంది. కాసేపటికి అదీ లేచిపోయింది.

అతనికి కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. కొండమీద తనవాళ్ళు అనుకోవడానికి అతనికి ఉన్నది ఆ ముగ్గురే. ఇప్పుడు అతను కనబడితే ముగ్గురూ పక్కదారి పడుతున్నారు. ఆ మధ్యాహ్నం ఓబులేసు అన్నం వడ్డిస్తూ అతని ముఖం కూడా చూడలేదు. పరాంకుశం లేచి స్వామి దగ్గరికి నడిచాడు.

స్వామి వసారాలో చాపమీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు.

"నావల్ల కాదు స్వామీ. ఈ పని ఇంకెవరికైనా చెప్పండి," అన్నాడు.

"ఏమైందిరా?"

"రావడమే మానేశారు. ఎన్నిసార్లు చెప్పినా అవే తప్పులు. కావాలంటే మీరే చూడండి."

స్వామి పుస్తకం అందుకున్నారు. దూరంగా పట్టుకుని చూశారు, దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఈ ఎర్రది ఏంది?"

"నేను దిద్దింది."

"మరి నల్లది?"

"వాళ్ళు మాట్లాడింది. ఒక్క అక్షరం పోనివ్వకుండా రాశాను."

"మంచిపని చేసినావు," అన్నారు స్వామి, మనస్ఫూర్తిగానే. "అయితే చదివి వినిపించు. నాకు ఇంగ్లీషు రాదు గదా, తెలుగులో చెప్పు. ఎర్రసిరా వదిలేసి నల్లసిరా చదువు."

"నల్లసిరా అంతా తప్పులే స్వామీ."

"తెలుగులో చెప్తే నాకు తప్పులు యాడ కనపడ్తాయిరా? చదువు."

పరాంకుశం ఆయన పక్కన కూర్చుని పేజీ తిప్పాడు.

"ఇది దస్తగిరన్న మాట్లాడింది. 'ఈవినింగ్ టైమ్ డ్రైవింగ్, రోడ్ నాట్ కమింగ్ ఇన్ మై ఐస్.' అంటే, పొద్దుగూకే వేళ బండి తోలుతుంటే రోడ్డు నా కళ్ళకు ఆనడం లేదు అని."

స్వామి చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "మన దస్తగిరికి కండ్లు ఆనడం లేదా? మొన్న మసక చీకట్లో నన్ను ఎక్కించుకుని ఘాట్ దిగినాడే!"

పరాంకుశం పేజీకేసి చూశాడు. ఆ వాక్యం కింద ఆరు ఎర్రగీతలున్నాయి. దాన్ని దస్తగిరి చేత మూడుసార్లు సరిగ్గా పలికించిన సంగతి అతనికి గుర్తుంది. దస్తగిరి కళ్ళ సంగతి మాత్రం తన నోటితో చెబుతూ తానే ఇప్పుడు కొత్తగా వింటున్నాడు.

"ఊఁ, ఇంకా?"

"మునెమ్మక్క. 'మై డాటర్ బేబీ కేమ్. ఐ గ్రాండ్ మదర్. ఐ వెరీ వెరీ.' నా కూతురికి కాన్పయింది, నేను అమ్మమ్మనయ్యాను, నాకు చాలా చాలా..."

"చాలా చాలా?"

"అక్కడ నేను ఆపాను స్వామీ. వెరీ తర్వాత ఇంకో మాట రావాలి అన్నాను."

"వచ్చిందా?"

"రాలేదు. ఊరుకుంది."

"అందుకా ఆ పొద్దు తోటలో పాట పాడుకుంటా ఉన్నింది!" స్వామి ముఖమంతా నవ్వు. "ఆడబిడ్డా, మగబిడ్డా?"

పరాంకుశం పేజీ అంతా వెతికాడు. ఎక్కడా లేదు. తాను అడిగితే కదా ఉండడానికి.

"సరే, తర్వాత?"

పరాంకుశం తర్వాతి పేజీ తిప్పాడు. "ఓబులేసు స్వామీ. గురువారం," అన్నాడు. "'మై మదర్ ఫోర్ డేస్ నాట్ ఈటింగ్. కౌ డైడ్. ఐ గో? ఐ నో గో? ఐ డోంట్ నో.'"

అవే మాటలమీద వేలు పెట్టి తెలుగులో చెప్పాడు.

"మా అమ్మ నాలుగు రోజులుగా అన్నం తినడం లేదు. ఆవు చచ్చిపోయింది. పోనా, వద్దా? నాకేం తోచడం లేదు."

స్వామి చేతిలోని కాయలు చేటలో వేసేశారు. "గురువారం నాటి మాట. ఈ పొద్దు ఏ వారం?"

"మంగళవారం."

"తినిందా మరి?"

పరాంకుశం తర్వాతి పేజీ తిప్పి చూశాడు. అది ఖాళీగా ఉంది.

"తినిందా అని నువ్వడిగినావా?"

"లేదు స్వామీ."

"ఏమన్నావు?"

"హాజ్ నాట్ ఈటెన్ అనాలి అన్నాను."

స్వామి పుస్తకం మూసి అతని చేతిలో పెట్టారు. అప్పటిదాకా ఒలిచిన గింజలన్నీ దోసిట్లోకి తీసుకుని దానిమీద పోశారు. "నాలుగు దాటింది. నీ గంట జరుగుతాండాది, పో," అన్నారు.

గింజలు కింద పడకుండా పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని పరాంకుశం వంటశాలకు వెళ్ళాడు. ఓబులేసు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు. అతనికి ముందు కనబడింది పుస్తకమే. చటుక్కున లేచి, చేతులు పంచెకు తుడుచుకుని, "గుడ్ ఈవినింగ్ సర్," అన్నాడు.

ముప్పై ఏళ్ళవాడు, పక్కపక్కన కూర్చుని తిన్నవాడు, తనను చూసి బడిపిల్లవాడిలా లేచి నిలబడడం చూస్తే పరాంకుశానికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఓబులేసూ, అమ్మ తినిందా?" అన్నాడు తెలుగులో.

ఓబులేసు తెల్లబోయి చూశాడు. "ఇది ఇంగ్లీషు గంట గదన్నా."

"తెలుసు. తినిందా?"

ఓబులేసు మళ్ళీ చేట ముందు కూర్చున్నాడు. కాసేపు బియ్యం అటూ ఇటూ కదిపాడు. "లేదన్నా. పక్కింటోళ్ళు బలవంతంగా ఇంత గంజి తాపుతాండారంట. పన్నెండేండ్లు సాకిన ఆవు. దానికి కుడితి పెట్టకుండా మాయమ్మ ఎన్నడూ కంచం ముందర కూచోలేదు. ఇప్పుడు కూచుంటే అదే గుర్తొస్తాదంట."

"నాకు విడిగా తెలుగులో ఒక్కమాట చెప్పుండొచ్చు కదరా."

"తెలుగులో చెప్తే ఏడుపొస్తాదన్నా. ఇంగ్లీషులో అయితే ఎవరమ్మ గురించో చెప్పినట్లుంటాది. అందుకే ఆ గంటలో చెప్పినా."

పరాంకుశం అతని పక్కన కూర్చుని చేటలో చెయ్యి పెట్టాడు. ఇద్దరూ కాసేపు రాళ్ళు ఏరారు.

"పొద్దున్నే బయల్దేరు. దస్తగిరన్న దింపుతాడు. వెలుతురు ఉండగా వెళ్ళి వెలుతురు ఉండగానే తిరిగొస్తాడు, అది నేను మాట్లాడతాను. అమ్మ తినేదాకా అక్కడే ఉండు. వంట నేను చూసుకుంటా."

"నీకు వంట రాదు గదన్నా!"

"మునెమ్మక్క ఉంది. తప్పులు దిద్దుతుంది."

ఓబులేసు నవ్వాడు. ఐదు రోజుల తర్వాత అదే అతని మొదటి నవ్వు. నవ్వుతూనే మూలనున్న గుండిగ వైపు గడ్డంతో చూపించాడు. "ఇంగ్లీషు గంటలో నువ్వెంత తెలుగు మాట్లాడినావో తెలుసునా? ఈ పూట అది నీదే."

ఆ పూట పరాంకుశం నడుము దాకా గుండిగలో దూరి, చింతపండు, బూడిద పెట్టి తోముతుంటే, వెనక మునెమ్మ వచ్చి నిలబడింది. అతను లోపలి నుంచే, "అక్కా, మనవడా, మనవరాలా?" అని అడిగాడు.

మునెమ్మ లోపలికి వంగి, "ఆడబిడ్డ. నెత్తి నిండా జుట్టు," అంది. పోయి, కొంగున బెల్లం ముక్క కట్టుకొచ్చింది. చేతులు ఖాళీ లేవని అతని నోట్లోనే పెట్టింది.

ఓబులేసు లేని ఎనిమిది రోజులూ పరాంకుశమే వంట చేశాడు. అన్నం రెండుసార్లు మాడింది, సాంబారు ఒకసారి ఉప్పు కషాయం అయింది. స్వామి పెట్టింది పెట్టినట్టే తిన్నారు. మిగతా అందరూ కూడా తిన్నారు గానీ, ఓబులేసు ఎప్పుడొస్తాడని రోజూ అడిగారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం జీపు కొండెక్కింది. దస్తగిరి ముక్కుమీద కొత్త కళ్ళజోడు. పక్కన ఓబులేసు, ఒళ్ళో రాగిపిండి మూట. నాలుగింటికి ఎవరూ పిలవకుండానే నలుగురూ అరుగుమీదికి చేరారు.

"మై మామ స్మాల్ కౌ గివ్," మొదలుపెట్టాడు ఓబులేసు. "నో మదర్ స్మాల్ కౌ. ఐ టై ఇన్ హౌస్. మై మదర్ యాంగ్రీ. నో సీ."

"దెన్?" అన్నాడు పరాంకుశం.

"టూ డేస్ నో సీ. స్మాల్ కౌ క్రయింగ్, క్రయింగ్." ఓబులేసు లేచి, మెడ సాచి, దూడ ఎలా అరిచిందో అరిచి చూపించాడు. మునెమ్మ చేతులు చెంపలకు ఆనించుకుంది.

"దెన్?"

"థర్డ్ డే మై మదర్ గెట్ అప్. కుడితి గివ్." చప్పున నాలుక కరుచుకున్నాడు.

"దట్ వర్డ్ నో ఇంగ్లీష్. గో, గో," అన్నాడు దస్తగిరి.

"స్మాల్ కౌ డ్రింక్. మై మదర్ సిట్ నియర్. హ్యాండ్ పుట్ ఆన్ స్మాల్ కౌ. లాంగ్ టైమ్ సిట్. దెన్ షి సే, ఓబులేసూ, బ్రింగ్ ప్లేట్."

మునెమ్మ కళ్ళు తుడుచుకుంది. ఐదు కావస్తోంది. అప్పటిదాకా పరాంకుశం మాట్లాడిన ఇంగ్లీషు ఆ ఒక్క "దెన్" మాత్రమే. పుస్తకం వంటశాలలో గూట్లో ఉంది. దానిమీద రాగిపిండి మూట పెట్టి ఉంది.

స్వామి అటుగా వచ్చి ఆగారు. "ఏరా పరాంకుశం, ఈ పొద్దు ఎన్ని తప్పులు?"

"వాళ్ళమ్మ సంగటి తినింది స్వామీ," అన్నాడు పరాంకుశం గబగబా. "రెండు ముద్దలు. తానే అడిగి పెట్టించుకుందంట."

"గుండిగ!" అన్నారు ముగ్గురూ ఒక్కసారిగా.

స్వామి ఓబులేసు ముఖంలోకి చూశారు. "ఈటింగ్ ఫినిష్?"

ఓబులేసు తలూపాడు.

"ఈటింగ్ ఫినిష్ స్వామీ," అన్నాడు పరాంకుశం, గుండిగ తోమడానికి లేస్తూ.