ముత్యం మింగిన చెట్టుకప్ప

ఊఁ కొట్టేవాళ్లంతా దగ్గరికి జరగండి. ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగుతుంది, తర్వాత నన్ననకండి.

అనగనగా మణిసీమ రాజ్యాన్ని ఏలే రాజు ఒకాయన. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుకు కత్తంటే ప్రాణం. రెండోవాడు ధనకేతుకు బంగారమంటే ప్రాణం. మూడోవాడు మృదుకేతుకు కప్పంటే ప్రాణం. నవ్వకండి. బొటనవేలంత ఉండే పచ్చటి చెట్టుకప్ప అది, పేరు చివురు. మట్టికుండలో తడి నాచు పరిచి పెంచుకునేవాడు. చేతులు వాననీటితో కడుక్కోనిదే దాన్ని తాకేవాడు కాదు. ఎందుకంటే కప్ప నోటితో నీళ్లు తాగదు, ఒంటితో తాగుతుంది. మన చేతికున్న నూనె, ఉప్పు, అత్తరు అన్నీ దాని ఒంట్లోకి పోతాయి. అన్నలిద్దరూ "కప్పల వైద్యుడు" అని వెక్కిరించేవాళ్లు. చివురు మాత్రం అతనితో గుసగుసగా కబుర్లు చెప్పేది.

అలా ఉండగా వానలు ఆగిపోయాయి. ఏడు సముద్రాల అవతల ధూమ్రకేశుడనే మాంత్రికుడు మేఘాలన్నిటినీ మందను తోలినట్టు తోలుకుపోయి, తన గుహలో పెట్టి తాళం వేశాడు. మణిసీమ చెరువులు బీటలు వారాయి. చివురు ఒళ్లు గరుకు తేలింది, మాట పడిపోయింది.

మేఘాలను గెలుచుకొస్తానని పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. కొనుక్కొస్తానని రెండోవాడు బంగారం మూటతో వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక మూడోవాడు కుండ చంకన పెట్టుకున్నాడు.

"నీ దగ్గర ఏముందని వెళతావు నాయనా?" అన్నాడు రాజు.

"చివురు ఉంది నాన్నగారూ. వాన పడకపోతే ఇది బతకదు, మనమూ బతకం."

రాజు తన వంతు మంచినీళ్లు ఆ కుండలో పోసి పంపాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటాడు, చివురు మీద నీళ్లు చిలకరించాడు. రెండో సముద్రం దాటాడు, చివురు మీద నీళ్లు చిలకరించాడు. ఇలా ఏడూ దాటేసరికి కుండలో చుక్క మిగల్లేదు.

మాంత్రికుడి కోట వాకిట్లో మనిషి ఆకారంలో రెండు రాళ్లున్నాయి. ఒక రాయి చేతిలో కత్తి, ఒక రాయి చేతిలో మూట. అన్నలను గుర్తుపట్టి మృదుకేతు గొల్లుమన్నాడు. అక్కడే ఒక అమ్మాయి కొంగు బిగించి కీచురాళ్లను పట్టి బుట్టలో వేస్తోంది. ఆమె వనమాలిని, మాంత్రికుడు ఎత్తుకొచ్చిన రాకుమారి. జాలిపడి చివురు మీద కాసిన్ని నీళ్లు పోసింది. చివురు కళ్లు తెరిచింది.

"ఈ పురుగులెవరికి?" అని అడిగాడు మృదుకేతు.

"మాంత్రికుడి కప్పకు. వాడి ప్రాణం అందులోనే ఉంది. చిలకలో దాస్తే అందరూ ముందు అక్కడే వెతుకుతారని కప్పలో దాచుకున్నాడు. ఇప్పుడు దానికి జబ్బు, అందుకే వాడికీ జబ్బు. మెడ నులిమితే పీడ విరగడవుతుంది. నాకు చేతులు రాలేదు, నువ్వైనా ఆ పని చెయ్యి."

"జబ్బు చేసినదాన్ని చంపడానికి నాకూ చేతులు రావు" అన్నాడు మృదుకేతు.

లోపల ధూమ్రకేశుడు మంచమంతా పరుచుకుని మూలుగుతున్నాడు. తొడలు మంట, ఎముకల్లో పట్టు లేదు, కడుపు బండరాయి.

"నేను వైద్యుణ్ణి" అన్నాడు మృదుకేతు.

"ఇంతకుముందు ఎవరికి నయం చేశావు?"

"కప్పలకు."

ఆ మాట వినగానే మాంత్రికుడు దిండు కింది నుంచి బంగారుపెట్టె తీశాడు. అడుగున ముత్యాలు, మధ్యలో కుళ్లునీళ్లు, మూత తీస్తే గుప్పుమని అత్తరు. అందులోని చెట్టుకప్ప తొడలు ఎర్రగా కందిపోయాయి, కాళ్లు వంకర్లు పోయాయి, పొట్ట ఉబ్బింది.

చివురు దాన్ని పలకరించి, మృదుకేతు చెవిలో చెప్పింది: "మురికినీళ్లకు తొడలు మండుతున్నాయట. ఎండ తగలక ఎముకలు వంగాయట. పురుగును పట్టబోయి ముత్యం మింగిందట."

"ముత్యాల పరుపు వేశాను, రోజూ అత్తరు పూశాను. ఇంకేం తక్కువ చేశాను దానికి?" అన్నాడు మాంత్రికుడు.

"ప్రేమకు లోటు లేదయ్యా. నీకు నచ్చినవి పెట్టావు, దానికేం కావాలో కనుక్కోలేదు. నేను బాగుచేస్తాను. ఒక్కో జబ్బుకు ఒక్కో మనిషిని వదలాలి."

"వదులుతాను. మేఘాలను మాత్రం అడగకు."

"అడగను, మాటిస్తున్నాను."

మృదుకేతు పెట్టె కడిగి తేటనీళ్లు పోశాడు, పూటపూటకూ మార్చాడు. కప్ప తొడల కందు తగ్గింది. మాంత్రికుడు హాయిగా కాళ్లు చాపాడు. రణకేతు రాయి మనిషైంది. లేస్తూనే కత్తి దూయబోతే "ఆగన్నా" అన్నాడు తమ్ముడు.

తర్వాత కీచురాళ్లకు గుడ్డుపెంకు పొడి అద్ది తినిపించాడు, లేత ఎండలో కూర్చోబెట్టాడు. కప్ప కాళ్లకు బలం వచ్చింది. మాంత్రికుడు మంచం దిగి రెండు గంతులేశాడు. ధనకేతు రాయి మనిషైంది. లేస్తూనే మూట తడుముకున్నాడు.

ఇక ముత్యం. మృదుకేతు గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి, అందులో కప్పను కూర్చోబెట్టి, తడివేలితో పొట్ట మెల్లగా నిమిరాడు. ఎంతసేపు నిమిరినా ఏమీ కాలేదు. చివరికి ముత్యం టప్పున బయటపడింది. అదే క్షణాన ధూమ్రకేశుడి కడుపు గడగడలాడింది. అంతటి మాంత్రికుడూ "వనమాలినినీ తీసుకుపో" అని అరుస్తూ, పంచె ఎగ్గట్టి పెరట్లోకి పరుగెత్తాడు. ఎందుకో నన్నడగకండి.

మృదుకేతు కిటికీ తెరిచాడు. "నీ ఒళ్లు బాగుపడింది. ఇక నీ ఇష్టం" అన్నాడు కప్పతో. అది అతన్ని ఒక్క చూపు చూసి, ఒక్క గెంతులో కొమ్మెక్కి ఆకుల్లో కలిసిపోయింది.

మాంత్రికుడు తిరిగొచ్చి ఖాళీ పెట్టె చూశాడు. "నా కప్పేది?"

"చెట్టెక్కింది."

మంత్రదండం పైకి లేచింది.

"నన్ను రాయిని చేస్తే, మళ్లీ దానికి జబ్బు చేసినప్పుడు చూసేదెవరు?" అన్నాడు మృదుకేతు. దండం కిందికి దిగింది.

బయట ఎండ మండిపోతోంది. కప్ప ఒళ్లు ఎండుతున్నకొద్దీ మాంత్రికుడి చర్మం పెళుసుబారింది.

"ఒళ్లు పగిలిపోతోంది. ఏం చెయ్యను, చెప్పు" అన్నాడు బతిమాలుతూ.

"నేను చెప్పకూడదు కదా. మేఘాలను అడగనని మాటిచ్చాను."

ధూమ్రకేశుడు అతని మొహంలోకి చూశాడు, ఆకాశంలోకి చూశాడు. తర్వాత పడుతూ లేస్తూ తానే గుహ దగ్గరికి పోయి తాళం తీశాడు. మేఘాలు ఉరుముకుంటూ బయటికొచ్చాయి. కుంభవృష్టి కురిసింది. కొమ్మకొమ్మకూ చెట్టుకప్పలు బయటికొచ్చి బెకబెకలాడాయి. అన్నీ పచ్చనివే, అన్నీ బొటనవేలంతే. వాటిలో తనదేదో మాంత్రికుడికి తెలియలేదు. అది ఏ దేశం చేరుతుందో, ఎక్కడ వాన ఆపితే తన ప్రాణం మీదికొస్తుందో అని భయపడి, తాళంచెవిని సముద్రంలోకి విసిరేశాడు.

వాళ్లు మణిసీమ చేరేసరికి రాజు వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. ముగ్గురు కొడుకులనూ ఒక్కసారే కౌగిలించుకుని ఏడ్చాడు. కప్పల వైద్యుణ్ణి అన్నలిద్దరూ భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. మృదుకేతుకూ వనమాలినికీ జోరువానలోనే పెళ్లయింది. తలంబ్రాలు తడిసి జుట్టుకు అతుక్కుపోయాయి, అయినా ఎవరూ విసుక్కోలేదు.

పెళ్లి అయ్యాక చివురును పలకరిద్దామని మృదుకేతు కుండ మూత తీశాడు. లోపల రెండు కప్పలున్నాయి. రెండోది వానలో ఎప్పుడు దూరిందో ఏమో, నాచు మీద దర్జాగా కూర్చుంది. వనమాలిని అతని వైపు చూసింది. ఇద్దరూ నవ్వుకుని, చేతులు కడుక్కొచ్చి, దానికీ ఒక కీచురాయి పెట్టారు.

వాళ్లు ఏలినంతకాలం మణిసీమలో వాన తప్పలేదు. కథ చెట్టెక్కింది, మీరిక పక్కెక్కండి.