ఎనిమిది చేతుల గొడుగులవాడు

అనగనగా, కాకులు కూడా దారి అడిగి వెళ్ళేంత దూరాన ఒకానొక రాజ్యం. దాని రాజు భేరుండవర్మ. ఆయన మీసాలు ఎంత పొడుగంటే, చెరో కొసా మోయడానికి ఇద్దరు నౌకర్లుండేవారు.

ఆ ఏడు వానల్లేవు. జనం రాజును తిట్టుకోకముందే మంత్రి విస్సామాత్యుడు కారణం కనిపెట్టేశాడు.

"ప్రభూ! చీనా నుంచి వచ్చిన గొడుగుల తావో లేడూ, వాడే మబ్బులకు గొడుగులు అడ్డం పెడుతున్నాడు. ఇది పరదేశీల కుట్ర!"

రాజుకు తాంబూలం చుట్టి ఇచ్చే పేరిందేవి గతుక్కుమంది. తావో ఆమె పక్కింటివాడు. ఇక్కడి పిల్లనే పెళ్ళాడి, ఊరందరికీ తావయ్య అయిపోయాడు.

"వాన పడకపోతే గొడుగులెవరు కొంటారు మహాప్రభూ?" అంది.

"చూశారా! మనకు అనుమానం రాకూడదని సొంత వ్యాపారమే ముంచుకుంటున్నాడు. ఎంత గుండెలు తీసిన బంటో!" అన్నాడు మంత్రి.

రాజు మీసం దువ్వాడు. "రేపు పొద్దుగూకేలోగా వాణ్ణి పెళ్ళాం పిల్లలతో సహా పొలిమేర దాటించండి!"

ఆ ఊళ్ళో రోజూ ఓ వార్తల బొమ్మ గుడ్డమీద గీసి కోటగుమ్మానికి కట్టేవారు. జనానికి అదే పత్రిక. మంత్రి చెప్పినట్టే చిత్రకారుడు తావోను తాటిచెట్టంత గీశాడు. ఎనిమిది చేతులు, చేతికో గొడుగు. కాలికింద, దేశం కోసం కత్తి దూసిన భేరుండవర్మ బెత్తెడు.

తెల్లారగానే పేరిందేవి వెళ్ళి, బొమ్మ ముందు ఓ కొబ్బరికాయ కొట్టి, లెంపలు వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చేసింది.

అంతే! మధ్యాహ్నానికి కొబ్బరినీళ్ళతో కోట కందకం నిండిపోయింది.

జనం కోపం చూసి మురిసిపోదామని, మంత్రీ, తాంబూలప్పళ్ళెంతో పేరిందేవీ వెంటరాగా, రాజు ఏనుగెక్కి వచ్చాడు. ఒక్కడూ తల తిప్పలేదు.

"ఏనుగును పక్కకు తియ్యి నాయనా, హారతి వేళ!" అంది ఓ పెద్దావిడ.

"ఓసి పిచ్చిదానా, వాడు దేవుడు కాదే, శత్రువు!"

"ఎనిమిది చేతులుండి, కాలికింద రాక్షసుడుంటే దేవుడు కాక మరెవరు? పొద్దున్నే పేరిందేవమ్మ తొలి కాయ కొట్టలేదూ? ఆ మీసాల రాక్షసుణ్ణి చూడు, ఎంత పాపిష్టి మొహమో!"

రాజు మొహం కందగడ్డయింది. "పేరిందేవీ! ఇది నీ పనేనా?"

"నాది ఒక్క కొబ్బరికాయే మహాప్రభూ. తావయ్యకు దేవుడిచ్చినవి రెండే చేతులు. మిగతా ఆరూ మంత్రిగారిచ్చినవి. తమర్ని అతని కాలికింద పెట్టిందీ వారే."

రాజు బొమ్మకేసి చూశాడు. ముందు మీసాలు వణికాయి, తరవాత బొజ్జ కదిలింది. ఆ నవ్వుకు ఏనుగు చతికిలబడింది!

"తావో ఎక్కడికీ పోనక్కర్లేదు!" అని, మెడలో ముత్యాలహారం తీసి పేరిందేవికిచ్చాడు. "ఇక ఆ బొమ్మ విప్పండి!"

"ప్రసాదం పంచకుండా విప్పితే ఊరుకోం!" అన్నారు జనం.

చేసేది లేక రాజు ఏనుగు దిగి, మంత్రిని ముందు పెట్టుకుని వరసలో నిలబడ్డాడు. దొప్పెడు చక్కెరపొంగలీ తిని, "నెయ్యి కాస్త తగ్గింది" అన్నాడట.