సన్న్యాసికి రవికెగుడ్డ

నాగావళి ఒడ్డు ఆశ్రమంలో గదుల వెబ్‌సైటు రాసినవాడు పరాంకుశం. రాసిన రోజు నుంచి అతని నడకే మారిపోయిందని వంటశాలలో చెప్పుకున్నారు. వంటశాలలో చెప్పుకోనిది ఏముంది?

వేసవి అంతా సైటు బాగానే నడిచింది. ఆషాఢం వచ్చింది. చాతుర్మాస్యానికి నాలుగు నెలలు ఒకేచోట ఉండాల్సిన సన్న్యాసులు గదుల కోసం బయల్దేరారు. ఈ కాలపు సన్న్యాసుల చేతుల్లోనూ ఫోన్లున్నాయి, మనమేం అనగలం? వాళ్ళు పేరు నింపి మీట నొక్కితే తెల్లటి పేజీ వస్తోంది. సర్వర్‌లో ఒకటే గోల: ‘వచ్చింది సన్న్యాసి. గృహస్థుగా మార్చలేను.’

వచ్చిన ప్రతి అతిథినీ గృహస్థుగా చూడమని ప్రోగ్రాంలో రాసేశాడు పరాంకుశం. కుటుంబంలో ఎందరున్నారో చూసి గది ఇవ్వాలి కదా. రాసేటప్పుడు కంప్యూటర్ పేచీ పెట్టలేదు. పరీక్షించినప్పుడూ పెట్టలేదు. పరీక్షకు వాడింది తన మేనమామల పేర్లు. వాళ్ళలో సన్న్యాసం పుచ్చుకునే మొహం ఒక్కటీ లేదు.

మేనేజరు గవర్రాజు గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన నవ్వితే ఎవరికో పని మారుతుంది.

“సాయంత్రం హారతి వేళలోపల బాగుచెయ్యి నాయనా. లేకపోతే చీటీలే రాసుకుంటాం. గోశాలలో మనిషి తక్కువయ్యాడు” అని నవ్వాడు.

గది లేక వానలో నిలబడే యాత్రికులు పరాంకుశం కళ్ళముందు మెదిలారు. వాళ్ళకంటే ముందు పేడతట్ట మెదిలింది. తప్పు వస్తే చప్పుడు చెయ్యకుండా మింగేసి, ‘గది ఖాయమైంది’ అని చూపించమని ఒక వాక్యం రాశాడు. దాన్ని సైటులోకి ఎక్కించబోతే చెయ్యాడలేదు. ఆశ్రమాన్ని నడిపే పెద్దస్వామి దగ్గరికి పరిగెత్తాడు.

“స్వామీ, ఆ గోల వినపడకుండా చేశాను. ఎక్కించెయ్యనా?”

“వచ్చినవాళ్ళకు గది దొరుకుతుందా?”

“దొరకదు స్వామీ. పేజీ మాత్రం పడిపోదు.”

పెద్దస్వామి పళ్ళెం తీసి అతని చేతికిచ్చాడు. అందులో పసుపు, కుంకుమ, రవికెగుడ్డలు. ఆశ్రమానికి వచ్చిన గృహస్థులకు వాకిట్లోనే వాటినిచ్చి లోపలికి పంపడం ఆచారం.

“వెళ్ళి పంచు. మొహాలు చూడకు. ఎవరు చెయ్యి చాస్తే వాళ్ళకిచ్చెయ్.”

పరాంకుశం తల దించుకుని వాకిట్లో నిలబడ్డాడు. మొదట వచ్చినాయన కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు. తర్వాతాయనా అంతే. మరో రెండు చేతులు, వానకు తడిసినవి, ముందుకొచ్చాయి.

“మీ ఇంటావిడకండీ” అంటూ రవికెగుడ్డ పెట్టాడు.

ఆ చేతులు కదల్లేదు. “నాయనా, దీన్ని నేనెవరికివ్వాలి?” అంది పైనుంచి గొంతు.

తలెత్తితే కాషాయం. పక్కన గవర్రాజు నవ్వడం మర్చిపోయి నిలబడ్డాడు.

పరాంకుశం లోపలికి పరిగెత్తాడు. “స్వామీ, సన్న్యాసి చేతిలో రవికెగుడ్డ పెట్టేశాను! ఎవరికివ్వాలని అడుగుతున్నారు. ఏం చెయ్యను?”

పెద్దస్వామి భుజం మీది తువ్వాలు తీసి అందించాడు.

“ఇది ఆయన నోట్లో కుక్కిరా.”

పరాంకుశం తువ్వాలు అందుకున్నాడు. బయటికి వెళ్ళి, దాంతోనే ఆ సన్న్యాసి తడిసిన పాదాలు తుడిచాడు.

హారతి గంట మోగేసరికి గోల మింగే వాక్యం చెరిగిపోయింది. దాని చోట, గది ఇచ్చేముందు, వచ్చినవారెవరని అడిగే వాక్యం ఉంది.