యంత్రం పక్కన కాపురం

ఏటి ఒడ్డున ఉన్న ఒక రాజ్యంలో పైడయ్య అనే కాపలాదారు ఉండేవాడు. నీటి రంగు చూసి వరదను పసిగట్టి, డప్పు కొట్టి పల్లపు ఊళ్లను లేపడం అతని పని. ఒక ఏడు దూరదేశపు వర్తకుడెవరో వరదను ముందే చెప్పే యంత్రం తెచ్చాడు. మంత్రి మురిసిపోయి దాన్ని కొనిపించి, పల్లంలో ఏటి ఒడ్డునే పెట్టించాడు. పైడయ్యతో సహా డప్పులవాళ్లందరినీ పనిలోంచి తీసేసి, ఇక ఎవరు డప్పు కొట్టినా శిక్ష తప్పదని చాటించాడు. ఆ శ్రావణంలో యంత్రం పలకలేదు గానీ ఏరు వచ్చేసింది. పైడయ్య భార్య నూకాలుతో పాటు నలభైమంది కొట్టుకుపోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు రాజు విచారణకు కూర్చున్నాడు.

"చిన్న మర సడలింది ప్రభూ. బాగుచేయించాం. ఇకమీదట పొరపాటు జరగదు," అన్నాడు మంత్రి.

పైడయ్య చేతులు జోడించాడు.

"అయితే ఒక్క మనవి ప్రభూ. మా ఇళ్లు పోయినచోట నేల ఖాళీగా ఉంది. మంత్రిగారు పిల్లాపాపలతో వచ్చి యంత్రం పక్కనే కాపురముంటే మాకూ ధైర్యంగా ఉంటుంది."

మంత్రి ముఖం పాలిపోయింది. "ఎందుకైనా మంచిది, యంత్రంతో పాటు ఒక మనిషి కూడా కాపలా ఉంటే..." అని నసిగాడు.

"మేం కోరేదీ అంతే ప్రభూ," అన్నాడు పైడయ్య.

రాజు అప్పటికప్పుడే డప్పులవాళ్లను తిరిగి పనిలో పెట్టాడు. "ఇంత తెలిసినవాడివి, ముందే వచ్చి నాతో ఎందుకు చెప్పలేదయ్యా?" అని నొచ్చుకున్నాడు.

"వచ్చాను ప్రభూ. ఏరు ఎర్రబడిన రోజున, డప్పు కొట్టడానికి మీ అనుమతి అడుగుదామని పొద్దుగూకేదాకా కోట వాకిట్లో నిలబడ్డాను. 'యంత్రం ఏమీ చెప్పలేదు, నువ్వు పో' అని మీ వాకిటి భటులు పంపేశారు. వెళ్లేసరికి మా ఇల్లు లేదు."