బొమ్మ రాని కంప్యూటర్

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున ఆశ్రమంలో కంప్యూటర్ మొండికేసింది. మీట నొక్కితే పెట్టెలో ఫ్యాను తిరిగింది, పచ్చ దీపం వెలిగింది, రోజూ మోగే గంట స్పీకర్లో మోగింది. తెర మీద మాత్రం బొమ్మ రాలేదు. నల్లటి తెర మీద ‘నో సిగ్నల్’ అనే రెండు ముక్కలు కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి అవి కూడా మాయమయ్యాయి.

మానేరు ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమం పెద్దదేం కాదు. నాలుగు రేకుల గదులు, ఒక వంటపాక, తత్వాలు పాడుకోవడానికి ఒక చావడి. గురువు పేరు సత్తవ్వ, శిష్యులందరికీ అమ్మ. కంప్యూటర్ ఎవరో భక్తుడు ఇచ్చి వెళ్ళాడు. ఇచ్చింది ఆశ్రమానికే అయినా, అది కొమురెల్లిదని అందరూ ఒప్పేసుకున్నారు. చావడిలో పాడిన ప్రతి తత్వాన్నీ అతను వీడియో తీసి అందులో దాచేవాడు, ఇంకొకరి వేలు దాని మీద పడనిచ్చేవాడు కాదు. తోటి శిష్యులు కంప్యూటర్ సామి అని ఆటపట్టించేవారు. పైకి విసుక్కునేవాడు గానీ, ఆ పేరంటే అతనికి ముద్దే.

మామూలు రోజైతే బొమ్మ రాకపోయినా కొంపలేం మునిగేవి కావు. ఆ రోజు బాలనర్సు వచ్చి కూర్చున్నాడు.

బాలనర్సు తత్వం ఎత్తుకున్నాడంటే వంటపాకలో గరిటె ఆగిపోయేది. అట్లాంటి గొంతుకు రోగం తగిలింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, మాట నిలబెట్టలేకపోయారు. మెడకు తువ్వాలు చుట్టుకుని, చేతులతోనూ పెదాలతోనూ మాట్లాడుతున్నాడు. ఇక రోగం తిరగబెట్టకుండా హైదరాబాదు ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాలి. మధ్యాహ్నం బస్సుకే ప్రయాణం. పోయేలోగా తను పాడుతుంటే ఒక్కసారి చూసుకోవాలని ఆయనకు కోరిక పుట్టింది. ఆయన పాట ఇంకెక్కడా లేదు, ఆ కంప్యూటర్‌లోనే ఉంది. ‘రా అన్నా, నేను చూపిస్తా’ అని కబురు పంపింది కొమురెల్లే.

బాలనర్సు బల్ల ముందు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. నల్లటి తెరలో ఆయన మొహమే ఆయనకు మసకగా కనిపిస్తోంది. కొమురెల్లి అటువైపు చూడలేకపోయాడు. ఇప్పుడే వస్తదన్నా అని తెరను తట్టాడు, పక్కకు వంచాడు, మీట ఆర్పి మళ్ళీ వేశాడు. మొండి ఎద్దును అదిలించినట్టే ఉంది ఆ పని.

అమ్మ చావడి గుమ్మం పక్కన పీట మీద కూర్చుని సాన మీద గంధం తీస్తోంది. ఆశ్రమానికి ఎవరు వచ్చినా ఆమె చేత్తో గంధం బొట్టు పెట్టించుకోకుండా లోపలికి పోకూడదు, అది అక్కడి ఆనవాయితీ. ఆమెకు కంప్యూటర్ గురించి ఓనమాలు రావు. తెలియనిదాని గురించి అడగడానికి మాత్రం సిగ్గు లేదు. గంధపు చెక్క పక్కన పెట్టి వచ్చి, ఆ పచ్చ దీపం ఏమిటని అడిగింది. పెట్టెలోకి కరెంటు వస్తోందని గుర్తమ్మా అన్నాడు. మరి గంట ఎందుకు మోగిందని అడిగింది. పెట్టె మంచిగా లేచిందని గుర్తు. తెర మీద ఆ రెండు ముక్కలు ఎవరు రాశారు? తెరే రాసుకుందమ్మా, నాకేమీ అందట్లేదని చెబుతోంది.

“అంటే పెట్టె బతికే ఉన్నది. తెర గూడ బతికే ఉన్నది.”

“అవునమ్మా.”

“మరి నడుమ ఏమైంది?”

నడుమ వైరు తప్ప ఏముంటుంది అని కొమురెల్లి కొంచెం చిరాగ్గానే అన్నాడు. వైరు కొత్తది, దానికేం రోగం ఉండదని కూడా చేర్చాడు. అమ్మ తల ఊపి మళ్ళీ పీట మీద కూర్చుంది. ఆమె చూపు మాత్రం బల్ల మీదే ఉంది. చిన్నపిల్లలు గడియారం వెనక్కి తిప్పి చూసినట్టు ఆ పెట్టెను చూస్తోంది.

కొమురెల్లి పనిలో దిగాడు. అతను తెలివితక్కువ వాడు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ముందు తెర మీదే అనుమానపడ్డాడు. బండేసుకుని ఊళ్ళో నెట్ సెంటర్‌కు పోయి వాళ్ళ తెర అడిగి తెచ్చాడు. తన తెర వెనక నుంచి వైరు పీకి దానికి పెట్టి చూశాడు. అదీ అదే పాట పాడింది, నో సిగ్నల్ అని. తెర తప్పు లేదన్నమాట. తర్వాత పెట్టె పక్క రేకు విప్పి, లోపలున్న మెమరీ పట్టీ బయటికి తీసి, దాని బంగారు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. కంప్యూటర్ బాగుచేసే వాళ్ళంతా మొదట చేసే వైద్యం అదే. ఫ్యాను తిరిగింది, గంట మోగింది, తెర నల్లగానే ఉంది.

ఇన్ని విప్పినా పెట్టె వెనకవైపు మాత్రం అతను చెయ్యి పెట్టలేదు. అక్కడ బంతిపూల దండ ఉంది, పసుపు కంకణం కట్టి ఉంది. ఆయుధపూజ నాడు రైతు నాగలికి మొక్కుతాడు, డ్రైవరు బండికి మొక్కుతాడు, కొమురెల్లి కంప్యూటర్‌కు మొక్కాడు. వైర్లన్నీ ఊడదీసి, దుమ్ము తుడిచి, బొట్లు పెట్టి, మళ్ళీ వైర్లు బిగించి కంకణం చుట్టాడు. పూజయ్యాక పండుగ వెళ్ళేదాకా పనిముట్టును ముట్టుకోకూడదు. పండుగ నిన్ననే వెళ్ళింది, కానీ పూజ చేసిన చోటును కదిలించడానికి అతనికి మనసు రాలేదు. దండ నలగకుండా, కంకణం తెగకుండా ఎంతో ఒడుపుగా చేశాడు ఆ మరమ్మతంతా.

చివరికి పట్నంలో మెకానిక్‌కు ఫోన్ చేశాడు. అన్నీ చూశావా అని అవతలివాడు అడిగాడు. అన్నీ చూశానన్నాడు ఇతను. అయితే మదర్‌బోర్డు పోయి ఉంటుంది, వారం తర్వాత పట్టుకురా అని అతను ఫోన్ పెట్టేశాడు.

కొమురెల్లి బాలనర్సు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పెట్టెలో అసలు భాగమే పోయిందని, ఇవ్వాళ కాదని, వీడియో ఉంటుందో పోతుందో కూడా చెప్పలేనని నేల చూస్తూ చెప్పాడు. బాలనర్సు విన్నాడు. ఫర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. సంచి భుజానికి తగిలించుకుని లేచి, వెళ్ళే ముందు నల్లటి తెరను ఒకసారి నిమిరాడు.

“బాలనర్సూ, జర ఆగు,” అంది అమ్మ. తర్వాత కొమురెల్లిని చూసి, “అన్ని చూసినవా బిడ్డా?” అని అడిగింది.

“అన్ని చూసిన అమ్మా. ఇంక చూసేదేం లేదు.”

“సరే, ఇటు రా. పొద్దటిసంది నీకు బొట్టే పెట్టలే.”

ఈ సమయంలో బొట్టేమిటని అతనికి అనిపించింది. అయినా వెళ్ళి ఆమె ముందు వంగాడు. అమ్మ రెండు వేళ్ళతో గంధం తీసింది. అతను నుదురు ముందుకు పెట్టాడు. ఆ వేళ్ళు నుదుటి మీద ఆగలేదు. కుడి రెప్ప మీద మందంగా పూసింది, తర్వాత ఎడమ రెప్ప మీద. రెప్పల అంచున కూడా వదలకుండా, గోడకు సున్నం వేసినంత శ్రద్ధగా పూసింది. గురువు చెయ్యి కదా, కొమురెల్లి కదలకుండా కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“ఏం కనవడ్తంది?”

“ఏం కనవడ్తలేదమ్మా.”

“నీ కండ్లు ఖరాబైనయా?”

“లేదమ్మా. మంచిగనే ఉన్నయి.”

“మరి నేను లేనా నీ ముంగట?”

“ఉన్నవమ్మా.”

మళ్ళీ సాన మీద చెక్క అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. గంధం చల్లగా ఉంది. కొంచెం కొంచెంగా ఆరుతూ రెప్పలను పట్టి బిగిస్తోంది. కొమురెల్లి అట్లా వంగే ఉన్నాడు. బాలనర్సు ఏం జరుగుతోందో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఉన్నట్టుండి కొమురెల్లి నిటారుగా లేచాడు. కండువాతో ఒక కన్ను మాత్రం తుడుచుకుని, రెండోది మూతపడి ఉండగానే బల్ల వెనక్కి పరుగెత్తాడు. మీట ఆర్పి, కరెంటు వైరు గోడ నుంచి లాగేశాడు. ఒక్క క్షణం దండ ముందు చెయ్యి ఆగింది. తర్వాత దండ తీశాడు. కంకణం విప్పాడు. తెర వైరుకు అటూ ఇటూ ఉన్న మరలు తిప్పి వైరును బయటికి లాగాడు. పసుపురంగు పొడి జలజలా రాలింది.

పెట్టె వెనక ఆ వైరు దూరే చోట వరసలుగా సన్నటి చిల్లులుంటాయి, ఆవగింజ కూడా పట్టనంత చిన్నవి. వైరు చివర ఉన్న సన్నటి సూదులు వాటిలోకి పోతేనే పెట్టెలోని బొమ్మ తెరకు చేరుతుంది. పూజనాడు మిగతా వాటికి పక్కన ఒక్కో బొట్టు పెట్టి ఊరుకున్న కొమురెల్లికి, ఇక్కడికి వచ్చేసరికి భక్తి పొంగింది. తత్వాలన్నీ బయటికొచ్చే తోవ ఇదే కదా అనుకున్నాడు. తడి గంధం దిట్టంగా అద్ది, దాని మీదే వైరు నొక్కి బిగించాడు. పండుగ సెలవుల్లో అది ఎండి రాయయింది.

చీపురుపుల్ల చివర చెక్కి, ఒక్కో చిల్లునూ మెల్లగా గెలికాడు. పాత పళ్ళ బ్రష్‌తో సూదుల సందులు రుద్దాడు. అమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చి అతని భుజం మీదుగా వంగింది.

“గింత చిన్న చిల్లులల్లకెల్లి మన బాలనర్సు అస్తడా?”

“అస్తడమ్మా. ముక్కలు ముక్కలై అచ్చి, తెర మీద మల్ల మనిషైతడు.”

“అబ్బో,” అంది అమ్మ, నిజంగానే ఆశ్చర్యపోయి.

వైరు బిగించి మీట వేశాడు. గంట మోగింది. తెర వెలిగింది. వెలిగింది గానీ అంతా పసుపే. బాలనర్సు వీడియో తెరిస్తే, ఆయన తెల్ల ధోవతి, తంబూర, చావడి గోడ అన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. పెళ్ళికొడుకును చేసినట్టుందని అమ్మ నవ్వింది. బాలనర్సు కూడా చప్పుడు లేకుండా నవ్వాడు. కొమురెల్లికి మాత్రం సంగతి అర్థమైంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేరువేరు చిల్లుల్లోంచి వస్తాయి, నీలం ఇంకా రాక మిగతా రెండూ కలిసి పసుపవుతున్నాయి. మళ్ళీ కరెంటు తీసి, వైరు ఊడదీసి, వెలుగుకు పట్టి వెతికాడు. ఒక చిల్లులో అడుగున చిన్న గంధపు పలుకు ఇరుక్కుని ఉంది. అదీ రాలింది.

ఈసారి ధోవతి తెల్లగా వచ్చింది.

తెర మీద బాలనర్సు తంబూర సవరించుకుని, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. చావడి నిండిపోయింది. వంటపాకలోంచి వాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మళ్ళీ కుర్చీలో కూర్చున్న బాలనర్సు తన మొహం వైపు చూడలేదు, గొంతు వైపే చూస్తున్నాడు. అది ఎట్లా కదులుతోందో, ఎక్కడ ఉబ్బుతోందో, ఎక్కడ ఆగుతోందో చూస్తున్నాడు. రెండో చరణంలో తెర మీది మనిషి ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది. కుర్చీలోని మనిషి ఎడమ చెయ్యి కూడా లేచింది. పెదాలు కదిలాయి. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు కదిలింది. ఆయన ఏడుస్తున్నాడు, దాన్ని దాచుకోవాలని కూడా అనుకోలేదు.

పాట అయిపోయాక కొమురెల్లి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“చూడకుంటనే పోయిందని చెప్పిన అన్నా నీకు. నిన్ను ఉత్తచేతులతో తోలుతుంటి.”

బాలనర్సు తువ్వాలు కొస తీసుకుని, అతని రెండో రెప్ప మీద ఇంకా మిగిలి ఉన్న గంధాన్ని మెల్లగా తుడిచాడు. తర్వాత తెర వైపు చూపించి, మళ్ళీ వెయ్యమన్నట్టు వేలు గుండ్రంగా తిప్పాడు.

పాట మళ్ళీ మొదలైంది. కొమురెల్లి లేచి, విప్పిన కంకణాన్ని చేతిలో పట్టుకుని అమ్మ దగ్గరికి వచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

“మొక్కిన జాగ గదా అని ముట్టలేదమ్మా,” అన్నాడు.

అమ్మ పాట వింటూనే అతని చేతిలోంచి కంకణం తీసుకుని పక్కన పెట్టింది.

“మొక్కుడు మొక్కుడే బిడ్డా. చూసుడు చూసుడే.”