దండనాయకుడు మచ్చిక చేసిన ఘటసర్పం

మణిగిరి కొండ మీద నిప్పులు కక్కే ఘటసర్పం ఒకటి చేరి, కింది పల్లెను కాల్చుకుతినసాగింది. దాన్ని లొంగదీస్తానని వెళ్లిన దండనాయకుడు గండరాయుడు నెల తర్వాత ఒంటిమీద మసి మరకైనా లేకుండా తిరిగొచ్చాడు.

"ప్రభూ, అదిప్పుడు నా పెంపుడు కుక్క. నేను చెప్పందే ఊపిరైనా వదలదు" అన్నాడు నిండు కొలువులో. రాజు మురిసిపోయి, ఆ పల్లెనే అతనికి బహుమానంగా రాసివ్వబోయాడు.

అంతలో ఆ పల్లె నుంచి మొర పెట్టుకోవడానికి వచ్చిన కుమ్మరి ఎర్రక్క దండం పెట్టింది. "మహారాజా, నిన్న పొద్దున అది మా ఇళ్లతోపాటు తమరి ఏనుగుల గడ్డివాములూ బూడిద చేసింది. నోరులేని జంతువు, దానికేం తెలుసని ఊరుకున్నాం. దొరగారు చెప్పందే ఊపిరి వదలదట కదా! ఎందుకు తగలబెట్టమన్నారో కాస్త అడగండి."

రాజు కళ్లెర్రజేశాడు. గండరాయుడు ఆయన కాళ్ల మీద పడ్డాడు. "లేదు ప్రభూ! అది నా మాట వినదు. అసలు నేను దాన్ని చూడనే లేదు!"

"అయ్యో, చూడకుండానే అంత మచ్చిక చేశారా!" అంది ఎర్రక్క. "ఇక ఎదురుపడితే ఒళ్లో కూర్చుంటుందేమో. ఒక్కసారి పంపించండి మహారాజా."

రాజు ఆ పూటే పంపించాడు. దారి తప్పకుండా పల్లెజనమంతా కొండ దాకా సాగనంపారు.