పచ్చకంటి కాటుక

సముద్రాల నీళ్ళింకా ఉప్పెక్కని రోజుల్లో, అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఆ రాజ్యంలో ఒక ఆచారముండేది పిల్లలూ. బారసాలకు వచ్చిన పేరంటాళ్ళందరూ పసిబిడ్డ కళ్ళకు కాటుక పెట్టాలి. మూడోవాడు మణిధరుడి బారసాలకు ముక్కూమొహం తెలియని ముసలమ్మ ఒకతె వచ్చింది. పేరంటాలిని వద్దంటే తప్పని రాణి ఊరుకుంది. ముసలమ్మ ఎడమకంటికి కాటుక పెట్టగానే బిడ్డ గుక్కపట్టాడు. దాది బిడ్డను లాక్కుపోయింది. తెల్లారేసరికి ఆ కన్ను చిలకపచ్చగా మారింది!

ఇక చూడండి లోకం తీరు. మణిధరుడు ఎదురొస్తే జనం మొహం తిప్పుకునేవారు. వాన రాకపోతే ఆ కన్నే, పాడి తగ్గితే ఆ కన్నే. పెద్దన్న మాత్రం ఆ కంటినే ముద్దుపెట్టుకుని, "మా తమ్ముడి కంట్లో చిలకుంది" అనేవాడు.

కొన్నాళ్ళకు కరాళుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి కనకరేఖను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల దీవిలో వాడి ప్రాణం ఒక చిలకలో ఉందని అందరూ చెప్పుకున్నారు. పెద్దన్న వెళ్ళాడు, రాయైపోయాడు. చిన్నన్న వెళ్ళాడు, రాయైపోయాడు. మణిధరుడు ఒక తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు.

"నిన్ను మాత్రం వాడు రాయి చెయ్యడట రాకుమారా. అదే నాకు భయంగా ఉంది" అంది తాబేలు.

అలాగే జరిగింది. కరాళుడు గుమ్మంలో నిలబడి, "రా నాయనా, ముళ్ళకంపలున్నాయి, కళ్ళు జాగ్రత్త" అన్నాడు.

మణిధరుడు లోపలికి వెళ్ళి, అక్కడున్న పంజరంలో చెయ్యి పెట్టి చిలకను పట్టాడు. అది గింజుకుని అతని పచ్చకంటిని రక్కింది. అంతే, కరాళుడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. చిలక మెడ విరిచినా వాడికేమీ కాలేదు. అప్పుడు మణిధరుడికి అర్థమైంది. ఆనాటి ముసలమ్మ వీడే. కాటుకతో పాటు తన ప్రాణాన్ని పసివాడి కంట్లో దాచిపెట్టాడు.

"చిలక మాట పుట్టించింది నేనే" అని నవ్వాడు కరాళుడు. "ఇంటికి పో. రెండు రాళ్ళ కోసం ఎవడైనా కన్ను పొడుచుకుంటాడా?"

మణిధరుడు పెద్దన్న రాతిమొహం వంక చూశాడు. "ఈ కంటిని ముద్దాడింది మా అన్నొక్కడే" అంటూ బాకు ఎత్తాడు.

కరాళుడి చావుకేక ఏడు సముద్రాలూ దాటింది. రాళ్ళు ఊపిరి పీల్చుకున్నాయి. మెలకువ రాగానే పెద్దన్నకు తమ్ముడి మొహం మీద నెత్తురు కనపడింది. దగ్గరకు తీసుకుని, ఆ ఖాళీ గుంటనే ముద్దుపెట్టుకుని భోరున ఏడ్చాడు.

చెర వదిలిన కనకరేఖ మణిధరుణ్ణి పెళ్ళాడింది. అన్నలిద్దరూ కలిసి అతన్ని గద్దెనెక్కించారు. చాలాకాలం చల్లగా ఏలాడు. ఒకప్పుడు మొహం తిప్పుకున్న జనమే, పొద్దున్నే రాజుగారి మొహం చూస్తే మంచిదని కోటవాకిట్లో నిలబడేవారు. రాజు రోజూ బయటికి వచ్చేవాడు. కన్ను లేని వైపే వాళ్ళకు చూపించి, లోపలికి వెళ్ళిపోయేవాడు.